మాస్లో మెట్లు: కింది మెట్టు నిండకపోతే మనిషి ఎదగడా?

సిక్కోలు టీచరమ్మ | ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి చెబుతూ డీఎస్సీకి చదువుకుంటున్నాను. ఈ వారం సైకాలజీలో మానవతావాదం పాఠం పూర్తి చేశాను. అమెరికన్ సైకాలజిస్టు మాస్లో చెప్పిన ఐదు అవసరాలు ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటాయి: శారీరక అవసరాలు, రక్షణ, ప్రేమ, గౌరవం, అన్నిటికన్నా పైన ఆత్మసాక్షాత్కారం, అంటే తనలో ఉన్న శక్తిని పూర్తిగా బయటికి తెచ్చుకోవడం. కొన్ని పుస్తకాల్లో దీన్నే ఆత్మ ప్రస్తావన అని రాశారు. త్రిభుజం గీసి ఐదు గీతలు కొడతారు. కింది అవసరం తీరితేనే పై అవసరం పుడుతుందని మా మెటీరియల్‌లో ఉంది.

బట్టీ పట్టడం కష్టమేం కాదు. కానీ ఆ వాక్యం చదివినప్పుడల్లా మా అమ్మ గుర్తొచ్చి అక్కడే ఆగిపోతున్నాను.

మాది పలాస దగ్గర. అమ్మ ఇరవై రెండేళ్లు జీడి ఫ్యాక్టరీలో పనిచేసింది. జీడి రసం అంటి వేళ్ల చివర తోలు ఊడిపోయేది. అన్నం కలుపుకోవాలంటే మంట, అందుకని చెంచాతో తినేది. 90ల్లో మా వీధిలో ఆడవాళ్లకు రాత్రి బడి పెట్టారు. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి చెప్పమన్నారు. జీతం లేదు. పగలంతా పిక్కలు కొట్టి వచ్చి, వంట చేసి, మాకు పెట్టి, లాంతరు పట్టుకుని వెళ్లేది. సుద్దముక్క వేళ్లకు గుచ్చుకుంటుందని దానికి గుడ్డపేలిక చుట్టి పట్టుకునేది. ఆ పేలిక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది, నీలం రంగు లంగా అంచు.

ఆ రోజుల్లో మా ఇంట్లో గంజితో సరిపెట్టుకున్న పూటలు ఉన్నాయి. ఇల్లు అద్దెది, ఎప్పుడు ఖాళీ చేయమంటారోనని భయం. పుస్తకం లెక్కన మా అమ్మకు మొదటి రెండు మెట్లూ నిండలేదు. మరి ఆవిడ రాత్రి బడికి వెళ్లి చేసిన పని ఏ మెట్టు కిందికి వస్తుంది? పరీక్ష కోసం అడగడం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

డీఎస్సీ 2 మార్కులు | ఆదివారం, రాత్రి 10:40

అక్కా, పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న వరసే పెట్టండి. ఆలోచించి రాస్తే మార్కు పోతుంది. కానీ మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. మా కోచింగ్‌లో ఎవరూ అడగలేదు.

మనోమాస్టారు | సోమవారం, ఉదయం 6:05

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. అందులో సగం కాలం నేనూ ఆ త్రిభుజాన్నే బోర్డు మీద గీశాను. అసలు వ్యాసం తెప్పించుకుని చదివాక మానేశాను.

అబ్రహాం మాస్లో ఆ వ్యాసాన్ని 1943లో రాశారు. అందులో పిరమిడ్ లేదు. బొమ్మే లేదు. 1954లో వచ్చిన ఆయన పుస్తకంలోనూ లేదు. ఆ త్రిభుజం 1960లో ఛార్లెస్ మెక్‌డెర్మిడ్ అనే మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ ఒక వ్యాపార పత్రికకు రాసిన వ్యాసంలో కనబడుతుంది. ఉద్యోగుల చేత బాగా పని చేయించడం ఎలా అన్నది అక్కడి విషయం. అక్కడి నుంచి మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లోకి, వాటి నుంచి బీఈడీ పుస్తకాల్లోకి వచ్చింది. బొమ్మకు గీతలుంటాయి కాబట్టి, ఒక గది పూర్తిగా నిండాకే రెండో గదిలోకి వెళ్లాలన్న భావం చూసేవాడికి దానంతట అదే కలుగుతుంది.

మాస్లో ఆ మాట అనలేదు. పైగా దాన్ని ఆ వ్యాసంలోనే ఖండించారు. ఊహకు అందడం కోసం కొన్ని అంకెలు ఇచ్చారు: మామూలు మనిషికి శారీరక అవసరాలు 85 శాతం, రక్షణ 70, ప్రేమ 50, గౌరవం 40, ఆత్మసాక్షాత్కారం 10 శాతం తీరి ఉండొచ్చని. ఇవి కొలిచి చెప్పినవి కావు, ఉదాహరణకు వేసుకున్న లెక్కలని ఆయనే అన్నారు. అంటే ఐదూ ఒకేసారి మనిషిలో ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో పాళ్లలో. వరస తిరగబడే మనుషుల గురించి కూడా రాశారు. సృజన శక్తి పుట్టుకతో బలంగా ఉన్నవాళ్లు కింది అవసరాలు తీరకపోయినా ఆ పని వదలరని, ఒక ఆదర్శాన్ని నమ్మినవాళ్లు దానికోసం అన్నీ వదులుకుంటారని. మీ అమ్మగారిది ఆ పేజీలోనే ఉంది. మెటీరియల్ రాసినవాళ్లు ఆ పేజీ వదిలేశారు.

ఆయన ఎక్కడి నుంచి వచ్చారో కూడా చెబుతాను. రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. 1908లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టారు, ఏడుగురిలో పెద్ద. తల్లితో పడలేదు. స్నేహితులు లేక గ్రంథాలయాల్లో పుస్తకాల మధ్య పెరిగానని చెప్పుకున్నారు. పీహెచ్‌డీ చేసింది కోతుల మీద, హ్యారీ హార్లో దగ్గర. తర్వాత న్యూయార్క్‌లో ఇద్దరు గురువులు దొరికారు: మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్, మనసు దేన్నైనా ముక్కలుగా కాక మొత్తంగా చూస్తుందనే గెస్టాల్ట్ సైకాలజీకి ఆద్యుడు మాక్స్ వెర్తైమర్. మనుషులు ఇంత మంచిగా, ఇంత నిండుగా కూడా ఉంటారా అని వాళ్లిద్దరి గురించి నోట్సు రాసుకోవడం మొదలుపెట్టారు. ఆత్మసాక్షాత్కారం పొందిన వ్యక్తుల అధ్యయనం అని మనం ఇప్పుడు చదువుతున్నది అలా పుట్టింది. ఇద్దరు గురువుల మీద శిష్యుడి ఆరాధన. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు నోట్సు రాయడం ఆపి వినేవారు.

కృష్ణాతీరం (డల్లాస్) | సోమవారం, ఉదయం 8:30

మాస్టారూ, మీరు రాసింది బాగుంది, కానీ నాకు ఈ సిద్ధాంతం మీదే నమ్మకం లేదు. కారణం చెబుతాను.

మా కంపెనీలో రెండు రోజుల ట్రైనింగ్ పెట్టి ఈ పిరమిడ్‌నే తెర మీద చూపించారు. మీలోని పూర్తి శక్తిని బయటికి తీయండి అన్నారు. మరుసటి నెల మా టీమ్‌లో పదకొండు మందిని తీసేశారు. వాళ్లలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు నలుగురు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. ఆ టెన్షన్‌లో ఉన్నవాడికి పూర్తి శక్తి గురించి చెబితే కడుపు మండుతుంది.

రెండోది, శాస్త్రం వైపు నుంచి. మాస్లో ఎవరిని అధ్యయనం చేశారు? లింకన్, జెఫర్సన్, ఐన్‌స్టీన్, ఎలినార్ రూజ్‌వెల్ట్, స్పినోజా. తనకు నచ్చినవాళ్లను తానే ఎంచుకుని, వాళ్లలో ఉన్న లక్షణాలు చూసి, ఇవే ఎదిగిన మనిషి లక్షణాలు అన్నారు. ఇది గుండ్రంగా తిరిగే వాదన. జెఫర్సన్ వందలమంది బానిసలను ఉంచుకున్న మనిషి.

మూడోది, మన ఇళ్లలో ఒక్కడు ఎదగడం అనేది ఉంటుందా? నేను అమెరికా వచ్చింది అక్క పెళ్లి అప్పు తీర్చడానికి. అది నా పొటెన్షియలా, మా ఇంటి అవసరమా? విడదీసి చెప్పగలరా?

మనోమాస్టారు | సోమవారం, ఉదయం 11:20

విడదీయలేను. మీ రెండో అభ్యంతరం పూర్తిగా సరైనది. తాను చేసింది మామూలు అర్థంలో పరిశోధన కాదని మాస్లో కూడా ఒప్పుకున్నారు. దాన్ని పరిశోధనగా పాఠాల్లో పెట్టింది తర్వాతివాళ్లు.

వరస సంగతి పరీక్షించినవాళ్లు ఉన్నారు. లూయీ టే, ఎడ్ డీనర్ అనే ఇద్దరు 123 దేశాల నుంచి 60 వేలమందికి పైగా ఇచ్చిన సమాధానాలు తీసుకుని 2011లో ఒక వ్యాసం రాశారు. తిండి, భద్రత, ఆత్మీయులు, గౌరవం, తన బతుకు మీద తనకు పట్టు, ఇవన్నీ ఎక్కడి మనుషుల సంతోషానికైనా అవసరమేనని తేలింది. ఆ మేరకు మాస్లో నిలబడ్డారు. కానీ ఒకటి తీరితేనే రెండోది సంతోషం ఇస్తుందన్నది నిలబడలేదు. తిండికి ఇబ్బంది ఉన్న మనిషికి కూడా స్నేహం, గౌరవం తమ వంతు సంతోషాన్ని ఇస్తూనే ఉన్నాయి. టీచరమ్మ గారి ప్రశ్నకు ఇదీ ఒక జవాబు.

మీ మూడో ప్రశ్న మాస్లోకూ ఎదురైంది. 1938 వేసవిలో ఆయన కెనడాలోని ఆల్బర్టాలో సిక్సికా తెగ దగ్గర కొన్ని వారాలు ఉన్నారు. అక్కడ ఎక్కువ కూడబెట్టినవాడికన్నా ఎక్కువ పంచినవాడికి పెద్దరికం. అది చూసి ఆశ్చర్యపోయారు. చివరి ఏళ్లలో ఆత్మసాక్షాత్కారం దగ్గర ఆగలేదు, తనను దాటి వేరేవాళ్ల కోసం, ఒక పని కోసం బతకడం దానికన్నా పైదని రాశారు. 1970లో గుండెపోటుతో పోయారు, 62 ఏళ్లకే. ఆ చివరి మాట చాలా పాఠ్యపుస్తకాల దాకా రాలేదు.

ఇంకొక్క మాట, అనువాదం గురించి. ఆత్మసాక్షాత్కారం అనగానే మనకు రమణ మహర్షి గుర్తొస్తారు, అంతా వదిలేసి కొండ ఎక్కడం గుర్తొస్తుంది. మాస్లో చెప్పింది వేరు: సంగీతం వచ్చినవాడు పాడకుండా ఉండలేడు, బొమ్మలు వేసేవాడు వేయకుండా ఉండలేడు. అదీ ఆయన ఉద్దేశం. ఆ పదాన్ని ముందు వాడింది కర్ట్ గోల్డ్‌స్టీన్. జర్మన్ నరాల వైద్యుడు, మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు దెబ్బ తగిలిన సైనికులకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో వైద్యం చేశారు. మెదడులో కొంత భాగం పోయినా, మిగిలిన దానితోనే మనిషి మళ్లీ ఒక పద్ధతిగా బతకడానికి చూస్తాడని ఆయన గమనించారు. ఆ పదం పుట్టిన చోటు అది. అన్నీ అమరినవాళ్ల గురించి పుట్టిన మాట కాదమ్మా.

పెన్నా ఒడ్డు | సోమవారం, మధ్యాహ్నం 2:45

మాస్టారు గారు చెప్పిన తర్వాత నేను రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అత్తగారిది నెల్లూరు జిల్లాలో దూబగుంట దగ్గర పల్లె.

1990, 91ల్లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టుకున్నారు. వాచకంలో సారా వల్ల చితికిపోయిన ఇంటి కథ ఒక పాఠంగా ఉండేది. చదివి ఊరుకోలేదు, ఇది మన ఊరి సంగతే కదా అని మాట్లాడుకున్నారు. దూబగుంటలో ఆడవాళ్లంతా కలిసి సారా కొట్టు మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది ప్రభుత్వానికి.

వాళ్లలో ఎవరికి రక్షణ ఉండింది? ఇంట్లో రోజూ దెబ్బలే. మగవాడి కూలి డబ్బులు కొట్లో పోతే పొయ్యి వెలిగేది కాదు. మా అత్త చెప్తుంది, "పలక మీద నా పేరు రాసుకున్న రోజు చేతులు వణికినాయి. తర్వాత కొట్టు ముందర కూర్చున్నప్పుడు వణకలా" అని.

కృష్ణాతీరం గారూ, ఒక్కడు ఎదగడం అని మీరు అడిగారు. మా అత్త ఒక్కతే అయితే ఆ కొట్టు ముందు కూర్చోగలిగేది కాదు. కానీ ఆమె పేరు ఆమే రాసుకోవాలి, ఇంకెవరూ రాసిపెట్టలేరు. ఈ రెండూ కలిసే జరిగాయి.

కృష్ణాతీరం (డల్లాస్) | సోమవారం, సాయంత్రం 7:10

చదివాను. రెండుసార్లు చదివాను. ఇది మా పిల్లలకు చెబుతాను.

పల్నాటి నాన్న | మంగళవారం, రాత్రి 11:55

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. నాకు సైకాలజీ తెలియదు, ఎరువుల కొట్టు నడుపుకుంటాను. ఎదుగుదల గురించి రాస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా అబ్బాయి నీట్‌కి రెండోసారి లాంగ్ టర్మ్ చేసి హాస్టల్ నుంచి వచ్చేశాడు. ర్యాంకు రాలేదు. మూడు నెలలుగా గదిలో ఉంటాడు, లోపల గడియ పెట్టుకుంటాడు. అన్నానికి పిలిస్తే వచ్చి తిని వెళ్లిపోతాడు. మేం వాడిని ఏమీ అనం. నేను రోజూ మంచి మాటలే చెబుతున్నాను. నువ్వు తెలివైనవాడివి, కష్టపడితే వస్తుంది, ఇంకో ఏడాది చూద్దాం అంటాను. వాడు తల ఊపుతాడు. నిన్న మాత్రం ఒక్క మాట అన్నాడు: "నాన్నా, ర్యాంకు రాకపోతే నేనెవరు నీకు?" నాకు ఏం చెప్పాలో తెలియలేదు. తెల్లారిందాకా నిద్ర పట్టలేదు.

ఓరుగల్లు కౌన్సెలర్ | బుధవారం, ఉదయం 7:15

అన్నా, ముందు ఒక్కటి అడుగుతాను. బాబు చచ్చిపోవాలని ఉందని గానీ, బతికి లాభం లేదని గానీ ఎప్పుడైనా అన్నాడా? అలాంటి అనుమానం ఏ కొంచెం ఉన్నా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. దగ్గర్లో సైకియాట్రిస్టుకు చూపించడం కూడా వాయిదా వేయకండి. మూడు నెలలు చిన్న కాలం కాదు.

నేను ఇంటర్ పిల్లలతో పనిచేస్తాను. మీ అబ్బాయి అడిగిన ప్రశ్న చాలామంది పిల్లలకు లోపల ఉంటుంది. పైకి అడిగేవాళ్లు తక్కువ. వాడు మిమ్మల్ని అడిగాడంటే మీ మీద ఇంకా ఆశ ఉంది.

ఈ చర్చలో కార్ల్ రోజర్స్ పేరు ఇంకా రాలేదు. మానవతావాదంలో మాస్లో పక్కన చెప్పుకోవాల్సిన మనిషి. 1902లో షికాగో పక్కన ఓక్ పార్క్‌లో పుట్టి, తర్వాత పొలంలో పెరిగారు. వ్యవసాయం చదవడానికే కాలేజీలో చేరారు. ఆయన ఒక సంగతి రాశారు. చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో చలికాలానికి బంగాళదుంపలు నేలమాళిగలో ఒక పెట్టెలో నిల్వ ఉంచేవారు. అక్కడ మట్టి లేదు, నీళ్లు లేవు, ఎక్కడో పైన చిన్న కిటికీ. అయినా దుంపలు మొలకెత్తేవి. పొలంలో వచ్చే ఆకుపచ్చ మొలకలు కావు, పాలిపోయి తెల్లగా ఉండేవి. కిటికీలోంచి పడే వెలుతురు వైపు రెండు మూడు అడుగులు సాగేవి. అవి ఎప్పటికీ మొక్క కాలేవు, కాయలేవు. అయినా ఆగేవి కావు. పిచ్చాసుపత్రుల వెనక వార్డుల్లో ఉండిపోయిన మనుషులతో మాట్లాడేటప్పుడు ఆ మొలకలు గుర్తొచ్చేవట. వాళ్ల ప్రవర్తన మనకు వింతగా, తప్పుగా కనిపించొచ్చు, కానీ వాళ్లకు దొరికిన వెలుతురులో వాళ్లు ఎదగడానికి చేసిన ప్రయత్నమే అది అని.

గడియ పెట్టుకోవడం కూడా అలాంటిదే కావచ్చు. ఆ గదిలో వాడిని ర్యాంకు అడిగేవాళ్లు లేరు.

మీరు మంచి మాటలే చెప్పారు, నాకు అనుమానం లేదు. కానీ నువ్వు తెలివైనవాడివి, కష్టపడితే వస్తుంది అన్నప్పుడు వాడికి వినిపించేది వేరు. వస్తేనే నువ్వు మా వాడివి అని వినిపిస్తుంది. రోజర్స్ దీన్ని షరతులతో వచ్చే విలువ అన్నారు. చిన్నప్పటి నుంచి ఫస్ట్ వస్తే ముద్దు, రాకపోతే మౌనం. ఆ మౌనం చాలు. పిల్లవాడు తనకు ఏది ఇష్టమో, ఏది బాధో తెలుసుకోవడం మానేసి, పెద్దవాళ్ల మొహం చూసి బతకడం నేర్చుకుంటాడు. లోపలి మనిషి ఒకచోట, చూపించే మనిషి ఒకచోట. ఆ దూరం పెరిగే కొద్దీ ఆందోళన పెరుగుతుంది.

పల్నాటి నాన్న | బుధవారం, రాత్రి 9:30

చచ్చిపోతానని అనలేదమ్మా. ఈ రోజు మెల్లగా అడిగాను కూడా. లేదు నాన్నా అన్నాడు. గురువారం గుంటూరులో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.

మీరు చెప్పింది అర్థమైంది, ఒక్కటి తప్ప. షరతు లేకుండా అంటే వాడేం చేసినా సరే అనాలా? రేపు పొద్దున ఫోను చూస్తూ సంవత్సరం గడిపేస్తానంటే అదీ సరేనా? నాకు ఇద్దరు పిల్లలు. కొట్టు మీద అప్పుంది.

ఓరుగల్లు కౌన్సెలర్ | గురువారం, ఉదయం 6:50

సరే అనక్కర్లేదు. నాకు ఇది నచ్చలేదు, నాకు భయంగా ఉంది, అప్పు ఉంది, అని నిజమే చెప్పండి. రోజర్స్ మూడు విషయాలు కావాలన్నారు. వాటిలో ఒకటి ఇదే: ఎదుటివాడి ముందు నటించకపోవడం. మిగిలిన రెండు, షరతు లేని ఆదరణ, వాడి వైపు నుంచి చూసి అర్థం చేసుకోవడం. పని నచ్చలేదని చెప్పొచ్చు. మనిషి అక్కర్లేదన్నట్టు ఉండకూడదు. ఇంట్లో ఈ తేడా చాలా సన్నం. ఎక్కువసార్లు మాటలో కనబడదు, మాటకు ముందు మనం ఎంతసేపు విన్నామన్న దాంట్లో కనబడుతుంది.

రోజర్స్‌కు ఇది పుస్తకాల్లో దొరకలేదు. రోచెస్టర్‌లో పన్నెండేళ్లు పిల్లల కేంద్రంలో పనిచేశారు. అక్కడికి ఒక తల్లి, అల్లరి చేసే కొడుకును తీసుకొచ్చింది. చిన్నప్పుడు మీరు బిడ్డను దూరం పెట్టడమే సమస్యకు మూలమని ఆమెకు తెలియజేయాలని ఆయన వారాల తరబడి ఓపికగా ప్రయత్నించారు. లాభం లేకపోయింది. చివరికి, మనిద్దరం ప్రయత్నించాం, కుదరలేదు, ఆపేద్దాం అన్నారు. ఆమె సరేనని లేచి, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా?" అని అడిగింది. చేస్తామన్నారు. వచ్చి అదే కుర్చీలో కూర్చుని తన కాపురం గురించి, తన ఓటమి గురించి చెప్పడం మొదలుపెట్టింది. అన్నాళ్లూ రాసుకున్న కేసు చరిత్రలో అందులో ఒక్క ముక్క లేదు. ఆయన ఈసారి ఏమీ చెప్పలేదు, విన్నారు. ఆమె బాగుపడింది, కొడుకూ బాగుపడ్డాడు. ఎక్కడ నొప్పి పెడుతుందో ఆ మనిషికే తెలుసు అని తనకు నేర్పింది ఆ సంఘటనే అని ఆయన రాశారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ తలుపు. ఆపేద్దాం అన్నాకే ఆమె అసలు మాట చెప్పింది.

డీఎస్సీ 2 మార్కులు | గురువారం, ఉదయం 9:00

మేడం, మాకు పుస్తకంలో రోజర్స్ అంటే "అనిర్దేశక మంత్రణం (ఇలా చెయ్యి అని చెప్పకుండా చేసే కౌన్సెలింగ్), ఆత్మ భావన (తన గురించి తనకున్న అభిప్రాయం)" అని రెండు ముక్కలే ఉన్నాయి. జత పరచండి ప్రశ్నలో వస్తుంది. దాని వెనక ఇంత ఉందని ఇప్పుడే తెలిసింది.

కృష్ణాతీరం (డల్లాస్) | గురువారం, రాత్రి 8:15

నాన్న గారి బాధ ముందు వాదన పెట్టాలని లేదు. కానీ చదివే వేరే తల్లిదండ్రుల కోసం అడుగుతున్నాను. వింటే చాలు, పిల్లలు బాగుపడతారు అంటే, బాగుపడని పిల్లల తల్లిదండ్రులు తాము సరిగ్గా వినలేదని కుమిలిపోరా? మా కజిన్‌కు మందులు వాడితేనే తగ్గింది. వాళ్ల అమ్మ ఎంత విన్నదో నాకు తెలుసు.

ఓరుగల్లు కౌన్సెలర్ | గురువారం, రాత్రి 10:05

మంచి ప్రశ్న అన్నా. 1957లో రోజర్స్ ఈ పరిస్థితులు అవసరం మాత్రమే కాదు, ఇవి ఉంటే చాలు అన్నారు. ఆ "చాలు" అన్నది నిలబడలేదు. తీవ్రమైన డిప్రెషన్‌కు మందు కావాలి, కొన్ని భయాలకు వాటికి తగిన పద్ధతులు కావాలి. నేను పిల్లలను డాక్టరు దగ్గరికి పంపుతూనే ఉంటాను. మీ పిన్నిగారి వినడంలో లోపం లేదు.

అయితే ఏ పద్ధతి వైద్యంలోనైనా, చూసే మనిషికీ వచ్చిన మనిషికీ మధ్య సంబంధం ఎంత బాగుంటే ఫలితం అంత బాగుంటుందని తర్వాతి పరిశోధనల్లో పదేపదే కనబడింది. పైగా రోజర్స్ తన మాటను దాచిపెట్టుకోలేదు. ఆయన 1940ల్లోనే కౌన్సెలింగ్ సంభాషణలను గ్రామఫోన్ రికార్డుల మీద ఎక్కించి, ఎక్కడ ఏ మాటకు మనిషి మూసుకుపోయాడో, ఎక్కడ తెరుచుకున్నాడో విద్యార్థులతో కూర్చుని లెక్కించారు. అంతకుముందు ఆ గదిలో ఏం జరుగుతుందో డాక్టరు చెబితేనే తెలిసేది.

మనోమాస్టారు | శుక్రవారం, ఉదయం 5:50

చరిత్ర వైపు నుంచి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాను. అప్పటి అమెరికాలో సైకాలజీ రెండు శిబిరాలు. ఒకరు ఎలుకలను, పావురాలను చూసి మనిషిని అర్థం చేసుకుందామన్నారు. రెండోవారు ఫ్రాయిడ్ దారిలో చిన్ననాటి గాయాలను తవ్వారు. మాస్లో, రోజర్స్, రోలో మే, షార్లట్ బ్యూలర్ లాంటివాళ్లు మూడో దారి కావాలన్నారు. 1961లో పత్రిక పెట్టారు, 1964లో కనెక్టికట్‌లోని ఓల్డ్ సేబ్రూక్‌లో సమావేశమయ్యారు. జబ్బు ఎలా వస్తుందన్న దానితో పాటు మనిషి ఎలా నిండుగా బతుకుతాడన్నదీ సైకాలజీ ప్రశ్నే అన్నారు.

మన దేశంతోనూ ఒక తీగ ఉంది. ఈ ఉద్యమానికి కాలిఫోర్నియాలో పెద్ద కూడలి అయిన ఎసలెన్ అనే కేంద్రాన్ని 1962లో స్థాపించిన ఇద్దరిలో ఒకరు మైఖేల్ మర్ఫీ. ఆయన అంతకు ముందు 1956, 57ల్లో పుదుచ్చేరి అరవింద ఆశ్రమంలో ఏడాదికి పైగా ఉండి వెళ్లారు.

పల్నాటి నాన్న గారూ, డాక్టరు గారు ఏమన్నారో వీలైతే రాయండి.

పల్నాటి నాన్న | మరుసటి సోమవారం, రాత్రి 11:20

డాక్టరు గారు డిప్రెషన్ ఉందన్నారు. మందు రాశారు, వారం వారం కౌన్సెలింగ్‌కు రమ్మన్నారు. వెళ్తున్నాం.

ఇంకొకటి చెప్పాలి. శనివారం మా పొలంలో మోటారు కాలిపోయింది. వైండింగ్ చేసే అతను రేపు వస్తానన్నాడు. నేను మోటారు ఊడదీసి వరండాలో పెట్టి కొట్టుకు వెళ్లిపోయాను. మధ్యాహ్నం వచ్చేసరికి మావాడు దాని ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. కాలిన రాగి తీగ ఒక్కో చుట్టూ విప్పుతూ కాగితం మీద లెక్క రాసుకుంటున్నాడు. అలవాటు ప్రకారం నా నోట్లోకి ఒక మాట వచ్చింది, ఈ శ్రద్ధ ఫిజిక్స్ మీద పెట్టి ఉంటేనా అని. మింగేశాను. పక్కన కూర్చున్నాను. అరగంట ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత వాడే, "నాన్నా, ఇక్కడ ఇన్సులేషన్ పోయింది చూడు, అందుకే కాలింది" అన్నాడు. మూడు నెలల్లో వాడంతట వాడు నాకు చెప్పిన మొదటి సంగతి అది.

వాడు అడిగినదానికి అప్పుడు జవాబు చెప్పలేదు కదా. నిన్న చెప్పాను. నాకు సరిగ్గా మాటలు రాలేదు. నువ్వు పుట్టినప్పుడు నీకు ర్యాంకేం లేదురా, అప్పుడూ ఊరంతా మిఠాయి పంచాను అన్నాను. వాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తర్వాత ఏం చదవాలో ఇంకా ఏమీ అనుకోలేదు. గడియ అయితే ఇప్పటికీ పెట్టుకుంటున్నాడు, రాత్రిపూట మాత్రమే.

ఓరుగల్లు కౌన్సెలర్ | మంగళవారం, ఉదయం 7:00

అన్నా, రాత్రి గడియ గురించి దిగులు పడకండి, కానీ డాక్టరు గారికి చెప్పి ఉంచండి. మందు కాస్త తేలిక పడగానే ఆపేయకండి. ఆ మోటారును వైండింగ్ అతనికి ఇచ్చేటప్పుడు బాబును కూడా వెంట తీసుకెళ్లండి, వాడికి ఇష్టమైతే.

పెన్నా ఒడ్డు | మంగళవారం, ఉదయం 10:30

మీ అబ్బాయికి మా ఇంట్లో దీపం పెట్టాను అన్నా.

సిక్కోలు టీచరమ్మ | మంగళవారం, రాత్రి 9:45

అందరి మాటలూ అమ్మకు చదివి వినిపించాను. దూబగుంట ఆడవాళ్ల సంగతి రెండుసార్లు చదివించుకుంది. పల్నాటి నాన్న గారి మోటారు దగ్గర కళ్లు తుడుచుకుంది.

చివరికి నేను అసలు అడగాల్సిన మనిషినే అడిగాను. అమ్మా, తిండికే లేని రోజుల్లో, వేళ్లు మండుతుంటే, జీతం లేకుండా ఆ రాత్రి బడికి ఎందుకెళ్లేదానివి? పదిమందికి మంచి చేయాలనా?

అమ్మ చాలాసేపు ఆలోచించింది. మధ్యలో లేచి వెళ్లి పాల మీద మూత పెట్టి వచ్చింది. తర్వాత అంది:

"మంచేటి, చెడేటి. నాకు అక్కడికెల్తే బాగుండేది. ఫ్యాక్టరీలో ఓయ్ అనేవోరు. ఇంటికాడ మీ నాన్న కూడా ఓయ్ అనేవోరు. ఆ బళ్లో ముసిలోళ్లు కూడా లేచి టీచరమ్మా అనేవోరు. ఒకరోజు లాంతర్లో నూనె అయిపోతే చీకట్లోనే కూకుని నోటితో గుణింతం చెప్పించినాను. ఎవరూ లేచి ఎల్లిపోలేదు."

ఇక్కడ నేను పెట్టుకున్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ మాట వినేదాకా తట్టలేదు. ఇంకా రాయాలని ఉంది కానీ రేపు పొద్దున మా క్లాసుకు గుణింతాలు రాని ముగ్గురు పిల్లలను అరగంట ముందు రమ్మన్నాను. పడుకోవాలి.